సిద్ధార్థుని రేవు – హెర్మన్ హెస్సే నవలలో గురుతత్త్వ విచారము

హెర్మన్ హెస్సే అను జర్మను రచయిత 1922లో ప్రకటించిన ‘సిద్ధార్థ’ అను నవలలో కథానాయకుడు బ్రాహ్మణ కుమారుడు, అధ్యయన సంపన్నుడు. తన ప్రయాణము ముగిసిన పిదప అతడు బాల్యమిత్రునకు చెప్పిన మాటల సారమిది: విషయజ్ఞానమును ఒకరినుండి మరియొకరు గ్రహింపవచ్చును గాని, తత్త్వదర్శనమును ఒకరు వేరొకరికి ఈయజాలరు. ఇది సత్యమే యైనచో గురుకులములు, పాఠశాలలు, ప్రాచ్యకళాశాలలు, వానిలో జీవితమంతయు పాఠము చెప్పిన మావంటివారు చేసిన పని యేమి? అసత్యమైనచో నూరేండ్లకు పైబడి దేశదేశముల పాఠకులు ఆ మాటలో తమ యనుభవమునే చూచుకొనుటకు కారణమేమి? ఈ ప్రశ్నను తప్పించుకొని నవలను స్తుతించుటయు సులభమే, నిందించుటయు సులభమే. ఆ నవలను మన శాస్త్రపరిభాషతో ఒకమారు చదివి చూచుట ఈ వ్యాసోద్దేశము.

గ్రంథకర్తను గూర్చి కొన్ని మాటలు అవసరము. హెస్సే 1877లో జన్మించెను. ఆయన మాతామహుడు హెర్మన్ గుండర్ట్ మలబారులో క్రైస్తవ మతప్రచారకుడుగా నుండి మలయాళ వ్యాకరణమును, 1872లో మలయాళ నిఘంటువును వెలువరించిన పండితుడు. తల్లి తలశ్శేరిలో పుట్టినది. తండ్రియు కొంతకాలము మలబారులోనే మతప్రచారము చేసెను. ఇట్లు ఇంటినిండ భారతదేశమే యున్నను, హెస్సే మాత్రము 1911లో సింహళము, సుమత్రా మొదలగు ప్రదేశములు తిరిగి, భారత భూభాగమున అడుగిడకయే మరలిపోయెను. నవలను 1919లో ఆరంభించి, నడుమ ఏడాదికి పైగా ఆపివేసి, 1922లో ముగించెను. దుఃఖపడు సాధకుని వ్రాయుట సాగినది గాని గెలిచిన సాధకుని వ్రాయవలసి వచ్చునప్పటికి కలము ఆగినదని ఆయనయే చెప్పుకొనెను. ఈ నిజాయితీ ఆ గ్రంథమునకు మేలు చేసినది. గెలుపును ఎరుగకయే గెలుపును వర్ణించు ఆధ్యాత్మిక గ్రంథములు మనకు కొదువ కాదు.

ఇచట తెలుగువారికి ఆసక్తికరమైన విషయమొకటి గలదు. ‘మాలపల్లి’ కర్త ఉన్నవ లక్ష్మీనారాయణగారు కూడ 1877లోనే జన్మించిరి; వారి నవలయు 1922లోనే వెలువడినది. ఒకే యేట పుట్టిన ఇరువురు, ఒకే యేట, ఒకరు యూరపులో కూర్చుండి ప్రాచీన భారతమును, ఒకరు రాయవేలూరు చెరసాలలో కూర్చుండి సమకాలిక భారతమును నవలలుగా వ్రాసిరి. రామదాసు పాత్రను, సిద్ధార్థుని ప్రక్కప్రక్కన నిలిపి చూచు పరిశోధకుడు ఎవడైన పుట్టిన బాగుండును. ఈ వ్యాసమున ఆ పని సాధ్యము కాదు.

కథ సంగ్రహముగా ఇది. సిద్ధార్థుడు తండ్రి అనుమతిని హఠముతో సంపాదించి, మిత్రుడు గోవిందునితో కూడ శ్రమణులలో చేరి మూడేండ్లు తపించును. శ్రావస్తిలో జేతవనమున గౌతమబుద్ధుని దర్శించును. గోవిందుడు సంఘమున చేరును, సిద్ధార్థుడు చేరడు. నది దాటి నగరమునకు పోయి కమల అను వారాంగన వలన కామమును, కామస్వామి అను వణిజుని వలన అర్థమును నేర్చి, ఏండ్ల తరబడి వానిలో మునిగి, చివరకు రోసి, అదే నదిలో పడి మరణింపబోవును. లోనుండి ఓంకారము వినబడి ఆగును. వాసుదేవుడను పడవవానితో కలిసి ఆ రేవుననే నివసించును. కమల తన కుమారునితో అటు వచ్చి పాముకాటున మరణించును. ఆ కుమారుడు తండ్రిని ద్వేషించి పారిపోవును. ఆ గాయముతో కూడ నదిని విని విని సిద్ధార్థుడు శాంతించును. వాసుదేవుడు అడవికి వెడలిపోవును. ముదుసలి యైన గోవిందుడు కడపట వచ్చి కలిసికొనును.

పేర్లను గూర్చి ముందుగా చూడవలెను. ‘సిద్ధార్థ’ శబ్దము బహువ్రీహి: ఎవనికి అర్థము సిద్ధించినదో వాడు. ఇది బుద్ధుని పూర్వాశ్రమ నామమే. అశ్వఘోషుని బుద్ధచరితమున సర్వార్థసిద్ధుడను రూపము కనబడును. హెస్సే చేసిన చమత్కారమేమనగా, ఒకే వ్యక్తికి గల రెండు నామములను ఇద్దరు వ్యక్తులకు పంచి, సిద్ధార్థుని గౌతమునికి ఎదురుగా నిలిపెను. అనగా సాధకుడు తన సిద్ధరూపముతో తానే వాదించుచున్నాడు. ‘కమల’ పద్మవాచకము. అయినను జర్మను లిపిలో కమల, కామస్వామి యను పేర్లకు ఆద్యక్షరములు సమానమగుటచే రచయిత ఆ ధ్వనిని కోరియే పెట్టినాడేమో అనిపించును. ఆ లిపిలోనే వసుదేవుడు, వాసుదేవుడు అను భేదమును తెలియదు. నేను వాసుదేవుడనియే చదువుచున్నాను. సర్వమును తనయందు వసింపజేయువాడు అను నిర్వచనము ఆ పడవవానికి చక్కగా కుదురును. పలాసకు సమీపమున మందసలో వాసుదేవ పెరుమాళ్ళ ఆలయమును సేవించువారికి ఈ పేరు పరాయిది కాదు.

రేవును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. తరించుట కర్థమిచ్చు ‘తౄ’ ధాతువునుండి ‘తీర్థ’ శబ్దము పుట్టినది. దేనిచేత దాటుదురో అది తీర్థము. నదిలో దిగుటకు వీలైన చోటు, అనగా రేవు, దాని మొదటి యర్థము. పుణ్యక్షేత్రము తరువాతి యర్థము. వీని కంటె మనకు ముఖ్యమైన అర్థము వేరొకటి కలదు: తీర్థమనగా గురువు. పాణిని అష్టాధ్యాయి నాల్గవ యధ్యాయము నాల్గవ పాదమున, ఒకే తీర్థమున వసించువాడను అర్థములో ‘సతీర్థ్య’ శబ్దమును సాధించెను. అచట తీర్థమనగా గురువే యని వ్యాఖ్యాతల వివరణము. అందువలననే సహాధ్యాయులను సతీర్థ్యులని పిలుచుచున్నాము. ఆహ్వానపత్రికలలో ఈ పదమును అచ్చువేయు మనకు అందులో రేవున్నదన్న స్పృహ యుండదు. గురువును రేవుగా భావించుట హెస్సే కల్పన కాదు. అతని పడవవాడు సంస్కృత భాషలో మూడువేల యేండ్లుగా అణగియున్న రూపకమునకు పుట్టిన శరీరము. ఇది ఆయన తెలిసి చేసినాడా, తెలియక చేసినాడా అను చర్చ కంటె, ఆ రూపకమే ఆయనచేత చేయించినదనుట న్యాయము. గోవింద సిద్ధార్థులు బాల్యమున సతీర్థ్యులు. కథాంతమున గోవిందుడు ఆ రేవును దాటుటకే వచ్చి, మిత్రుని గుర్తింపక పడవ యెక్కును.

మన జిల్లాలో వంశధారా తీరమున శాలిహుండము గలదు. ఆ కొండమీద స్తూపములు, చైత్యములు, విహారములు శిథిలములై యున్నవి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఆ స్థలమును లోకమునకు తెలిపిరి. (భాషావాదమున వారితో ఏకీభవింపని మావంటివారు కూడ ఈ విషయమున వారికి నమస్కరింపక తప్పదు.) అచట లభించిన శిల్పములలో మారీచి, తారా ప్రతిమలున్నవి. తార యనగా దాటించునది. ఇదియు ఆ తౄ ధాతువే. నదీతీరమున, సముద్రసంగమమునకు చేరువలో, నావికులకును సన్న్యాసులకును దారియైన చోట దాటించు దేవతను నిలిపిరి. హెస్సే నవలను మన విద్యార్థులకు చెప్పునప్పుడు జేతవనము ఎక్కడనో శ్రావస్తిలో మాత్రమే యున్నదను భావన కలుగనీయక, ఒక దినము వారిని ఈ కొండమీదికి తీసికొనిపోయి పాఠము చెప్పవలెనని నా యభిప్రాయము.

ఇక విచారణలోనికి పోదము. నవల ఆరంభమున సిద్ధార్థుని అసంతృప్తిని రచయిత వర్ణించెను. తండ్రియు, ఆచార్యులును తమకు తెలిసినదంతయు అతని పాత్రలో నింపిరి గాని పాత్ర నిండలేదు. ఇది వేదమార్గము యొక్క లోపమని పాశ్చాత్య పాఠకునకు తోచును. మనము అట్లు చదువరాదు. ఛాందోగ్యమున నారదుడు సనత్కుమారుని సమీపించి, తాను చదివిన వేదములు, ఇతిహాసపురాణములు, గణితాది విద్యలు ఏకరువు పెట్టి, మంత్రములు తెలిసినవి గాని ఆత్మ తెలియలేదని దుఃఖించెను. శ్వేతకేతువు పండ్రెండేండ్లు చదివి గర్వముతో ఇల్లు చేరినప్పుడు తండ్రి ఉద్దాలకుడు అతని చదువులోని వెలితిని చూపెను. చదువు చాలదను గుర్తింపు వేదబాహ్యము కాదు. వేదాంతమునకు అదియే ద్వారము. హెస్సే తన నాయకునిచేత సామవేదోపనిషత్తులను ప్రత్యేకముగ స్మరింపజేసెను. పాల్ డాయిసన్ 1897లో అరువది యుపనిషత్తుల జర్మను అనువాదమును ప్రకటించి యుండుటచే ఛాందోగ్యము ఆనాటి జర్మను పాఠకులకు సుపరిచితమే. అయినను నారదుని వెలితికి సమాధానముగా ఒక సనత్కుమారుడు ఉన్నాడనుట మాత్రము నవలలో కానరాదు. అతని తండ్రికి ఉద్దాలకుని ప్రతిభ లేదు. ఇది నవలాకారుని స్వాతంత్ర్యము, ఆక్షేపింప బనిలేదు. అధ్యాపకుడు మాత్రము ఈ భేదమును చెప్పి తీరవలెను.

నవలకు హృదయము జేతవన సంభాషణము. సిద్ధార్థుడు బుద్ధునితో వినయముగా చెప్పినది ఇది: నీ బోధ నిర్దుష్టము, కార్యకారణ శృంఖలగా జగత్తును చూపితివి, కాని నీకు బోధి కలిగిన గడియలో నీకేమి జరిగినదో అది మాత్రము నీ బోధలో లేదు, ఉండజాలదు. బుద్ధుడు కోపింపలేదు, ఖండింపలేదు. అతితెలివి విషయమున జాగ్రత్తగా నుండుమని మాత్రము హెచ్చరించెను.

ఈ ప్రశ్న అద్వైత గ్రంథములు చదివినవారికి కొత్తది కాదు. శబ్దమునుండి అపరోక్షజ్ఞానము కలుగునా, కలుగదా యను వివాదమే ఇది. శబ్దము స్వభావముచే పరోక్షజ్ఞానమునే ఇచ్చును, మనన నిదిధ్యాసనములచే సంస్కరింపబడిన మనస్సే సాక్షాత్కారమునకు కరణము అని భామతీ ప్రస్థానము. విషయము సన్నిహితమైనచో శబ్దమే అపరోక్షజ్ఞానము నిచ్చును అని వివరణ ప్రస్థానము. సిద్ధార్థుడు జేతవనమున పలికినది స్థూలదృష్టికి భామతీ పక్షమునకు సమీపమైనను, అతడు దానిని కూడ దాటిపోయి శ్రవణమునే నిరాకరించెను. వాచస్పతిమిశ్రులు శ్రవణమును ఎన్నడును నిరాకరింపలేదు. మననమునకు విషయము శ్రవణము వలననే రావలెను గదా!

వివరణ పక్షమువారు చెప్పు దృష్టాంతము కూడ నదికి సంబంధించినదే యగుట విశేషము. పదుగురు నదిని దాటిరి. ఒడ్డు చేరి ఒక్కొక్కడు తన్ను విడిచి లెక్కించి, తొమ్మండుగురే యున్నారని, పదవవాడు మునిగిపోయెనని ఏడ్చిరి. దారిన పోవువాడొకడు లెక్కించినవానిని చూపి పదవవాడవు నీవేయని చెప్పెను. ఆ వాక్యము విన్నంతనే దుఃఖము పోయినది. అచట తపస్సు లేదు, వేచియుండుట లేదు. మాట మాత్రమే యున్నది. మాటచేత దర్శనము కలుగదను సిద్ధార్థునకు దీనికంటె సూటియైన ప్రత్యుదాహరణము లేదు. అయితే మరల ఆలోచింపుడు. ఆ పదుగురు నదిని దాటియుండిరి, లెక్కించియుండిరి, ఏడ్చియుండిరి. నది దాటని వానికి, లెక్క తప్పని వానికి, ఇంట కూర్చున్న వానికి ఆ వాక్యము చెప్పిన ప్రయోజన మేమున్నది? వాక్యము పండుటకు ముందు వెదకుట యుండవలెను. ఇంతవరకు హెస్సే పక్షమున సత్యమున్నది.

ఛాందోగ్యమందలి గాంధార పురుషుని కథ ఈ రెంటిని కలుపును. కన్నులు కట్టి గాంధార దేశమునుండి కొనివచ్చి నిర్జనప్రదేశమున విడువబడినవాడు నలుదెసల అరచుచుండగా, ఒకడు కట్టు విప్పి, గాంధారము ఈ దిక్కున నున్నదని చెప్పెను. అతడు గ్రామగ్రామమున అడుగుచు ఇల్లు చేరెను. ఆచార్యుడు గలవాడే తెలిసికొనునని శ్రుతి ఈ కథద్వారా చెప్పినది. ఇచట ఆచార్యుడు చేసినది రెండు పనులే: కట్టు విప్పుట, దిక్కు చూపుట. నడచినది శిష్యుడు. అడుగుచు పోవుటకు తెలివి అతనిదే. మోసికొనిపోయి ఇంట దింపిన ఆచార్యుడు ఉపనిషత్తులలో లేడు. సిద్ధార్థుడు ఖండించినది అట్టి మోయు గురువునే యైనచో మనకును అతనికిని తగవు లేదు. కట్టు విప్పు గురువును కూడ అక్కరలేదన్నచో తగవున్నది. విచిత్ర మేమనగా, ఆ రెండవ మాటను అతని కథయే ఖండించుచున్నది.

ఎట్లనగా, నదిలో పడబోవు క్షణమున అతనిని నిలిపినది ఓంకారము. ఆ యక్షరమును అతడు శ్రమణుల వద్ద నేర్వలేదు. కమల వద్ద అంతకంటె నేర్వలేదు. తొలి యధ్యాయమున, తండ్రి యింట, బాలుడుగా ఉచ్చ్వాస నిశ్శ్వాసములతో ఆ ప్రణవమును నిశ్శబ్దముగ పలుకుట అతనికి తెలిసియుండెను. బ్రాహ్మణ గృహమున తండ్రులు తాతలు పలికిన యక్షరము అది. దానిని నేర్చిన నాడు అర్థము తెలిసి యుండలేదు. తెలిసినదనుకొన్న దినములలో విడిచిపెట్టెను. జూదములో, మద్యములో ఏండ్లు గడచిపోయెను. అంతయు పోయిన దినమున అది తనంత తాను లేచివచ్చెను. అర్థము తెలియని వల్లెవేత నిష్ప్రయోజనమని మా చిన్ననాటి నుండి వినుచున్నాము. ఆ విమర్శలో కొంత నిజము లేకపోలేదు. కాని బాల్యమున ధారణలో పడిన మాట ఏ దినమున, ఏ ఒడ్డున అక్కరకు వచ్చునో నేర్పినవానికి గాని నేర్చినవానికి గాని తెలియదు. పాఠశాలా విధానమునకు ఇంతకంటె బలమైన సమర్థనము ఆధునిక నవలలలో నేను చూడలేదు. హెస్సే దీనిని ఉద్దేశించి వ్రాసెనని నేననను. కథను నిజాయితీగా నడిపినందున అది వచ్చి చేరినది.

రెండవ నిదర్శనము వాసుదేవుడు. ఏ గురువును ఒప్పుకొనని సిద్ధార్థుడు ఇతనితో ఒకే కుటీరమున అనేక సంవత్సరములు గడపెను. తెడ్డు చేయుట, పడవ బాగుచేయుట, పొలమున పని చేయుట, బుట్టలల్లుట నేర్చెను. ఇది గురుకులవాసము గాక మరేమి? వాసుదేవుడు ఉపన్యసింపడు. తనకు మాటాడుట రాదనియు, వినుట నదివలన నేర్చితిననియు చెప్పును. అతని విద్య వినుట. సిద్ధార్థుడు తన కథయంతయు చెప్పుచుండగా, మెచ్చక నిందింపక, ఒక్క మాట జారవిడువక అతడు వినెను. ఆ ఘట్టమును చదివినప్పుడు నాకు ‘శుశ్రూష’ శబ్దము స్ఫురించినది. శ్రు ధాతువుపై సన్ ప్రత్యయము చేరి వినగోరుట యను అర్థములో అది ఏర్పడినది. అమరసింహుడు దానిని వరివస్య, పరిచర్య, ఉపాసనలతో కలిపి సేవార్థమున పఠించెను. వినగోరుటయే సేవ యైనది. పాణిని ప్రథమాధ్యాయ తృతీయపాదమున జ్ఞా, శ్రు, స్మృ, దృశ్ అను నాలుగు ధాతువులకు సన్నంతమున ఆత్మనేపదమును విధించెను: తెలియగోరుట, వినగోరుట, స్మరింపగోరుట, చూడగోరుట. ఈ నాలుగు కోరికల ఫలము తనకే చెందునని నాకొక భావన. సూత్రము అంత చెప్పలేదని వైయాకరణులు నన్ను మందలింపవచ్చును, మందలింపుడు. కాని మన సంప్రదాయమున శిష్యుడు గురువునకు చేయు శుశ్రూషను, ఈ నవలలో గురువు శిష్యునకు చేయుచున్నాడు. తరగతిలో మాటాడుటయే వృత్తిగా గల మనము విద్యార్థిని ఎంత విన్నామను ప్రశ్న ఇచట పుట్టును. నవలనుండి అధ్యాపకుడు గ్రహింపదగిన అంశము ఇది; వేదాంతమునకు సంబంధించిన ఇతరాంశములు మనకు మూలగ్రంథములలోనే సమృద్ధిగా లభించును.

నగరజీవితమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఏమి తెలియునని అడిగినప్పుడు ఆలోచించుట, వేచియుండుట, ఉపవసించుట యను మూడు విద్యలు తనకు తెలియునని సిద్ధార్థుడు చెప్పును. ఈ మాటను యూరోపియను యువకులు మెచ్చినట్లు ఉద్దానపు విద్యార్థులు మెచ్చరు. ఎంచుకొన్న ఉపవాసమునకును, ఇంటిలో లేక పండుకొన్న దినమునకును భేదము వారికి తెలియును. జీడిపప్పు ఒలిచి చదువు సాగించు ఇండ్లనుండి వచ్చినవారికి ఉపవాసమును గొప్పవిద్యగా చెప్పు అధ్యాపకుడు కొంచెము ఆలోచించి చెప్పవలెను. వేచియుండుటను మాత్రము వారు వెంటనే గ్రహింతురు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి తోటలు నేలకూలినవి. మరల నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ రైతు వేచియుండుట ఏ శ్రమణుని తపస్సుకంటె తక్కువ? ప్రసంగవశమున ఒక మాట. విద్య ‘విద్దె’ యైనట్లు ఉద్యానము ‘ఉద్దానము’ అయినది. ఉత్ పూర్వకమైన యా ధాతువు వలన ఉద్యానమనగా బయటికి వెడలుట యని వ్యుత్పత్త్యర్థము. శాక్యరాజకుమారుడు ముసలివానిని, రోగిని, శవమును చూచినది ఉద్యానమునకు వెడలినప్పుడే. హెస్సే నాయకుడు కమలను చూచినదియు ఆమె ఉద్యానపు వాకిటనే. ఒకడు ఉద్యానయాత్రలో సంసారమునుండి బయటికి, మరొకడు సంసారములోనికి వెడలిరి.

కమలను గూర్చి: భాగవత ఏకాదశస్కంధమున అవధూత తన ఇరువదినాలుగు గురువులలో పింగళయను విదేహనగర వారాంగనను చెప్పెను. విటునికై రాత్రియంతయు ఎదురుచూచి, ఆశ విడిచి సుఖముగ నిద్రించినది పింగళ. కమల కడపట తన తోటను బౌద్ధభిక్షువులకు ఇచ్చినది. అవధూతవలె సిద్ధార్థుడును ఆమెను గురువుగనే పేర్కొనును. కనుక వేశ్యను గురువనుట పాశ్చాత్య స్వైరభావమని కొందరు పెద్దలు ఆక్షేపించుట తొందరపాటు.

తండ్రికొడుకుల విషయమున నవల నాకు మిక్కిలి గంభీరముగ తోచినది. సిద్ధార్థుడు రాత్రియంతయు నిలుచుండి తండ్రిని లొంగదీసెను. తండ్రి విడిచిపెట్టుచు, అడవిలో ఆనందము లభించినచో వచ్చి నాకును నేర్పుము. లభింపనిచో తిరిగి రమ్ము, కలిసి దేవతార్చన చేసికొందము అనెను. ఈ నవలను గూర్చి మాటాడినప్పుడు ఉద్దాన ప్రాంతపు విద్యార్థి యొకడు, తండ్రి మూత్రపిండ వ్యాధితో వారమునకు రెండుమార్లు రక్తశుద్ధి చికిత్సకు పోవుచుండగా చదువు సాగించుచున్నవాడు, నన్నడిగెను: “గురువుగారూ, తండ్రి రమ్మన్నాడు కదండీ, ఇతగాడు ఒక్కపాలైనా తిరిగి ఎల్లలేదేటండి?” ఇంతటి ప్రశ్న విమర్శకులెవరును వేయగా నేను చదువలేదు. సిద్ధార్థుడు తిరిగి వెళ్ళలేదు. తన కుమారుడు తన్ను దూషించి పారిపోయిన పిదపనే, నీటిలో తన ముఖమును చూచి అందులో తండ్రి పోలికను గుర్తించును. తండ్రి తన్ను మరల చూడకయే ఒంటరిగా మరణించి యుండునని అప్పుడు తలచుకొనును. నది నవ్వినట్లు అతనికి తోచును.

తైత్తిరీయమున భృగువు కథ దీనికి ప్రక్కన పెట్టదగినది. భృగువును తండ్రి వరుణుడు తపస్సుచేత తెలిసికొమ్మని పంపెను. తానుగా జవాబు చెప్పలేదు. ఇంతవరకు బోధింపరానిదను హెస్సే మతమే. కాని భృగువు అన్నము బ్రహ్మమని తెలిసినంతనే తిరిగి తండ్రి వద్దకు వచ్చెను. ప్రాణమని తెలిసి వచ్చెను; మనస్సని వచ్చెను; విజ్ఞానమని వచ్చెను. నాలుగుమారులు వెళ్ళి నాలుగుమారులు వచ్చెను. ఆనందము తెలిసిన పిదపనే రాక ఆగినది. వెళ్ళుట తప్పు కాదని, తిరిగి వచ్చుట కూడ సాధనలో భాగమేనని ఆ విద్యార్థికి చెప్పితిని. అతడు ఆ సాయంకాలపు బస్సుకు ఊరికి వెళ్ళిపోయెను. సోమవారము పాఠమునకు వచ్చెను.

నదిలో సకల ధ్వనులు కలిసి ఓంకారమగుట, కాలము మిథ్య యగుట మొదలగు చివరి ఘట్టములు కవితాత్మకములు. శాస్త్రదృష్టితో చూచినచో అందు అద్వైతము, బౌద్ధము, రచయిత సొంత భావుకత కలగలిసి యున్నవి. ప్రతి సత్యమునకు విరుద్ధమైనదియు సత్యమే యను మాటను తార్కికుడు అంగీకరింపడు. వ్యాఘాత దోషమును చూపును. జగత్తును ప్రేమించుటయే ముఖ్యమని సిద్ధార్థుడు గోవిందునితో చెప్పునది బుద్ధ బోధితమైన కరుణ కంటె, హెస్సే పుట్టి పెరిగిన క్రైస్తవ గృహమునకు చేరువగ నున్నది. అది దోషమని కాదు. మలబారు మిషను ఇంటి మనుమడు ఆ ఇంటి మాటను ఎక్కడ విడుచును? అవధూతకు సముద్రమును గురువే: నదులు వచ్చి చేరినను పొంగదు, రాకున్నను ఎండదు. మహేంద్రగిరినుండి దిగివచ్చు మహేంద్రతనయ బారువ వద్ద సముద్రమున కలియు చోట నిలుచుండి చూచినవారికి, హెస్సే నదిని మాత్రమే చెప్పి సముద్రమును చెప్పక విడిచినాడే యనిపించును.

చివరగా, ఈ నవలకు అత్యంత సమీపమైన మన కథ సత్యకామ జాబాలునిది. హారిద్రుమత గౌతముడు అతనికి ఉపనయనము చేసి, ఉపదేశింపక, బక్కచిక్కిన నాలుగువందల ఆవులనిచ్చి పంపెను. వేయి అగువరకు తిరిగిరానని అతడు వెడలెను. వృషభము, అగ్ని, హంస, మద్గువను నీటిపక్షి ఒక్కొక్క పాదము చొప్పున అతనికి బ్రహ్మోపదేశము చేసినవి. ఇచట నది బదులు పశువు, పక్షి. కాని ఇచట హెస్సేకు లేని మలుపున్నది. సత్యకాముడు తిరిగి వచ్చెను. బ్రహ్మవేత్తవలె ప్రకాశించుచున్నావు, నీకు నేర్పినదెవరని ఆచార్యుడు అడిగెను. మనుష్యులు కానివారు నేర్పిరి, అయినను తామే చెప్పవలెనని శిష్యుడు ప్రార్థించెను. గురువు దానినే మరల చెప్పెను, ఏమియు విడువలేదు.

ఆ సత్యకాముడు పిదప తానే ఆచార్యుడయ్యెను. అతని శిష్యుడు ఉపకోసలుడు పండ్రెండేండ్లు అగ్నులను పరిచర్య చేసెను. ఇతర శిష్యులకు సమావర్తనము చేసి ఇతనిని మాత్రము విడువక, ఉపదేశము చేయక, సత్యకాముడు దేశాంతరము పోయెను. ఉపకోసలుడు అన్నము మానెను. అప్పుడు అగ్నులు దయదలచి అతనికి విద్య చెప్పి, గతిని మాత్రము ఆచార్యుడే చెప్పునని నిలిపినవి. సత్యకాముడు తిరిగివచ్చి శిష్యుని ముఖము చూచెను. తన్ను పూర్వము తన గురువు అడిగిన ప్రశ్ననే ఇతనిని అడిగెను: నీ ముఖము వెలుగుచున్నది, నీకు నేర్పినదెవరు? శిష్యుడు సంకోచముతో అగ్నుల వైపు చూపెను. వాసుదేవుడు అడవికి పోయిన పిదప సిద్ధార్థుని పడవకు వేరొక శిష్యుడు వచ్చెనో లేదో హెస్సే వ్రాయలేదు.